జాగ్రత్త: పల్లీల ప్యాకెట్ మీద స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ ఉందేమో చూడండి

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు ఉండే తెలుగువాళ్ళు ఇది తప్పకుండా చదవండి. ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను సరుకులకు పంపేవాళ్ళు.

మా ఇంటి దగ్గర ఒక సూపర్‌మార్కెట్ ఉంది. నగరంలో చాలాచోట్ల బ్రాంచీలున్నాయి. సోనామసూరి, గుంటూరు కారం, గోంగూర, ఉగాదికి వేపపువ్వు అన్నీ దొరుకుతాయి. బిల్లింగ్ దగ్గర తెలుగులో మాట్లాడతారు. కన్నడ, ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు కూడా ఎవరి తోడూ లేకుండా వెళ్ళి రాగలరు. ఇది చిన్న విషయం కాదు. ఈ నగరంలో మా అత్తమ్మ ఒక్కతే ధైర్యంగా వెళ్ళే చోటు అదొక్కటే. అందుకే నాకు ఇంత బాధ.

ఆ కొట్టు సొంతంగా ప్యాక్ చేసి అమ్మే పల్లీలు తెచ్చింది అత్తమ్మ. ఊరుబిండి (పల్లీల పచ్చడి) చేద్దామని ప్యాకెట్ విప్పగానే ముక్కవాసన. వాళ్ళది అనంతపురంలో చెనిక్కాయ పండించిన ఇల్లు, ఆమె ముక్కుకి తెలియకుండా పోదు. ప్యాకింగ్ తేదీ చూస్తే ఈ నెలదే! స్టిక్కర్ అంచు లేచి ఉంటే పీకాను. కింద ఇంకోటి ఉంది. దాని మీద గడువు ఎప్పుడో అయిపోయింది, ధర కూడా తక్కువ.

బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయానికి ప్రమాదం. వేయించినా పూర్తిగా పోదు. కాబట్టి వాసన వస్తే ఎండబెట్టి వాడదామనుకోకండి.

మేనేజర్ డబ్బులు తిరిగిచ్చేస్తానన్నాడు. అదే రకం ప్యాకెట్లు షెల్ఫులో ఇంకా ఉన్నాయి కదా, తీసేయండి అంటే మాత్రం పలకలేదు. నాకు కోపం తెప్పించింది ఆ మౌనమే. ఫిర్యాదు చేశాను. అది తేలేదాకా కొట్టు పేరు రాయను.

ప్యాకెట్ సరుకుల మీద 2011 తూనికలు కొలతల నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. ధర తగ్గించడానికైతే స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ధరను కప్పకుండా. పెంచడానికి వేయకూడదు. స్టిక్కర్ మందంగా తగిలితే, అంచుల దగ్గర జిగురు కనిపిస్తే అక్కడే అడగండి. పెద్దవాళ్ళకి ఆ సన్న అక్షరాలు కనబడవు, వాళ్ళు తెచ్చినవి ఇంటికి రాగానే మీరు చూడండి.

అనుమానం వస్తే ప్యాకెట్ పారేయకండి, బిల్లుతో పాటు దాచి రెండు స్టిక్కర్లూ కనబడేలా ఫోటో తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న సరుకు విలువ రూ. 5 లక్షల లోపు అయితే కేసుకి ఫీజు కూడా లేదు.