పాతికేళ్లు దాటిన డబ్బా టీవీ: రోజూ వాడుతున్నవాళ్ల మాట

మా ఇంట్లో 21 అంగుళాల ట్యూబు టీవీ ఒకటి ఉంది. 1998లో మావయ్యగారు విజయవాడ బీసెంట్ రోడ్డులో కొని, రిక్షాలో పెట్టించి, తను పక్కన నడుస్తూ సత్యనారాయణపురం తెచ్చారట. నేను కోడలిగా వచ్చేసరికే అది హాల్లో గుడ్డ కప్పుకుని ఉంది. కంపెనీ పేరు అడక్కండి, చెప్పినా ఇప్పుడు కొత్తది దొరికేది కాదు. హాల్లోకి 43 అంగుళాల ఎల్‌ఈడీ వచ్చాక ఇది అత్తయ్యగారి గదిలోకి మారింది. అక్కడ రోజూ సాయంత్రం నడుస్తూనే ఉంది. రెండింటి మధ్యా తిరిగేదాన్ని కాబట్టి రాస్తున్నాను. పాత టీవీల గురించి ముచ్చటపడుతూ రాసేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు పాత టీవీ లేదు, అదీ సంగతి.

దీన్ని ఇంకా ఉంచుకోవడానికి కారణం దాని గొంతు. తెరకి రెండు పక్కలా స్పీకర్లు ముందుకే చూస్తుంటాయి, వెనక పెట్టెలో బోలెడంత ఖాళీ. కొత్త టీవీలు పలచబడే కొద్దీ స్పీకర్లు చిన్నవై, కిందికో వెనక్కో తిరిగిపోయాయి. మాట గోడకి తగిలి మన దగ్గరికి వస్తుంది. అత్తయ్యగారికి ఎనభై దాటాయి, చెవి కాస్త మందం. హాల్లో కూర్చోబెడితే "ఏవిటే, ఏమన్నాడూ?" అని ప్రతి మాటకీ అడుగుతారు. తన గదిలో సౌండు సగానికే పెట్టుకుని వార్తలన్నీ విని భోజనాల దగ్గర మాకే చెబుతారు. 2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్ గారు పోయారని ఇంట్లో మొదట చెప్పింది ఆవిడే. దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు, 1983 నవంబరు 14న, చదివింది ఆయన. "అంత నిదానంగా ఇప్పుడెవరు చదువుతున్నారే" అని ఆ పూటంతా అంటూనే ఉన్నారు. ఒక్క ఈ గొంతు విషయంలో మాత్రం ఐదుకి ఐదు ఇస్తాను. ఎల్‌ఈడీకి ఈ మాత్రం రావాలంటే సౌండ్‌బార్ వేరే కొనాలి.

బొమ్మ సంగతికొస్తే మొహమాటం అక్కర్లేదు. మన పాత పద్ధతిలో బొమ్మ మొత్తం 625 గీతలు, అందులో కంటికి కనిపించేవి 576. ఇప్పటి ఛానళ్లన్నీ వెడల్పు తెర కోసం తీసినవి. ఈ తెరేమో నాలుగుకి మూడు. పైనా కిందా నల్లపట్టీలు వదిలేస్తే మిగిలిన బొమ్మ చిన్నదైపోతుంది. నిండుగా పెడితే పక్కలు తెగి, స్టూడియో చర్చలో చివర కూర్చున్నాయనకి సగం మొహమే మిగులుతుంది. కింద పరుగెత్తే అక్షరాలైతే మరీ అన్యాయం. ఒత్తులన్నీ కలిసిపోతాయి, "క్ర"నో "క్ల"నో ఊహించుకోవాలి. క్రికెట్ స్కోరు ఓ మూల అంచు కిందికి పోతుంది.

అయితే చీకటి సీను వచ్చినప్పుడు చూడండి. నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. మా ఎల్‌ఈడీలో రాత్రి సీను బూడిదరంగులో తేలుతుంది. మంచం మీద ఓ పక్కకి ఒరిగి చూసినా దీని రంగులు మారవు. పెద్దవాళ్ల గదికి అది చిన్న విషయమేం కాదు.

మా పెళ్లి వీడియో క్యాసెట్‌లో ఉంది. వానాకాలంలో బూజు పట్టి కొంత పోయింది, మిగతాది ఆడుతుంది. వీహెచ్‌ఎస్ టేపులో ఉండేదే 240 గీతల పాటి వివరం. దాన్ని 43 అంగుళాలకి సాగదీస్తే తలంబ్రాలు పోస్తున్నది ఎవరో తెలియడం లేదు. ఈ టీవీలో అదే టేపు పెడితే మా అమ్మ చీర అంచు కూడా తెలుస్తుంది. ఆ టేపు ఆ తెర కోసమే పుట్టింది మరి.

ఓ ఎండాకాలం సెలవుల్లో మా ఆడపడుచు కొడుకు అయస్కాంతం తెచ్చి తెరకి అంటించాడు. తీసేశాక కూడా కుడిమూల ఆకుపచ్చ, వంగపువ్వు రంగు మచ్చ అలాగే ఉండిపోయింది. అందరి మొహాలూ ఆ మూలకి వెళితే పచ్చకామెర్లే. అద్దం వెనక సన్నని చిల్లుల రేకు ఒకటి ఉంటుంది, అయస్కాంతం దాన్ని పట్టేస్తుందిట. టీవీ వేయగానే "ధమ్"మని వినిపించే చప్పుడు, ఆ రేకుకి పట్టిన అయస్కాంతాన్ని రోజూ కాస్త వదిలించే తీగచుట్టది. పెద్ద మచ్చకి అది చాలదు. గవర్నర్‌పేటలో రిపేరు షాపతను రింగులాంటి కాయిల్ పట్టుకుని వచ్చి, కరెంటు పెట్టి, తెర ముందు సున్నాలు చుట్టాడు. రంగులన్నీ ఒక్కసారి గిరగిరా తిరిగాయి. తర్వాత అలా తిప్పుతూనే వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాకా వెళ్లాకే స్విచ్ ఆపాడు. దగ్గరే ఆపితే ఇంకో మచ్చ పడుతుందని చెప్పాడు.

ఇంకోసారి తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్లగీత మిగిలింది, సౌండు మామూలే. అత్తయ్యగారు సీరియల్ విన్నారు, ఆపలేదు. అతనే వచ్చి వెనక మూత తీసి, ముందు బ్రష్షుతో దుమ్ము దులిపి, ట్యూబుకి రబ్బరు టోపీ ఉన్నచోట వైరు కట్టిన స్క్రూడ్రైవర్ దూర్చాడు. "టప్"మంది. "ప్లగ్గు పీకేశాం కదా అని చెయ్యి పెట్టకండమ్మా, లోపల ఇరవై వేల వోల్టులు దాచుకుంటుంది" అన్నాడు. బొమ్మని పైకీ కిందికీ పరిచే వర్టికల్ ఐసీ కాళ్ల దగ్గర సీసం అతుకు పగిలిందిట. వేడి చేసి అంటించాడు, టీ తాగేలోపు బొమ్మ వచ్చేసింది. హాల్లో ఎల్‌ఈడీకి ప్యానెల్ పోయినప్పుడు సర్వీసు వాళ్లు చెప్పిన ధరకి కొత్తదే వస్తుందన్నారు, కొత్తదే వచ్చింది. ఇప్పుడున్నది ఆ రెండోదే.

ఇంకో తమాషా. ఈ టీవీ వేస్తే మా చెల్లెలి కూతురు "పెద్దమ్మా, ఏదో కీచుమంటోంది" అని చెవులు మూసుకుంటుంది. లోపల గీతలు గీసే సర్క్యూట్ సెకనుకి 15,625 సార్లు కొట్టుకుంటుంది, ఆ కీచు పిల్లల చెవులకే అందుతుంది. ఒకప్పుడు నాకూ వినపడేది.

చిన్నప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారికి షట్టరు తలుపుల డయనోరా కంపెనీ బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. పోస్టాఫీసులో టీవీ లైసెన్సు కట్టేవారు. యాంటెన్నా తిప్పిన కబుర్లు అందరూ చెప్పేవే, వదిలేస్తున్నాను. కానీ అప్పట్లో ఊరూరా పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్లు ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా ఢిల్లీ కార్యక్రమాలే ఇచ్చేవన్న సంగతి జనం మర్చిపోతున్నారు. తెలుగు కోసం మొహం వాచిపోయి, అర్థంకాని హిందీని నోరు తెరుచుకుని చూసేవాళ్లం. ఆ రోజులు మళ్లీ రావాలని నేనైతే అనను.

కరెంటు చూస్తే వెనక స్టిక్కరు మీద 95 వాట్లని ఉంది. 32 అంగుళాల ఎల్‌ఈడీ అందులో సగంతో నడుస్తుంది. రోహిణీ కార్తెలో ఆ గదిలో ఇది ఇంకో కుంపటి. బరువంతా ముందు అద్దంలోనే, తోస్తే ముందుకు తూలుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎత్తు స్టాండు మీద మాత్రం పెట్టొద్దు.

కొత్త సెట్‌టాప్ బాక్సులు కొన్నింటికి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటుంది, ఈ టీవీకి కావలసిన పసుపు తెలుపు ఎరుపు పిన్నులు ఉండవు. మధ్యలో కన్వర్టరు పెడితే నడుస్తుంది. మేము డీడీ ఫ్రీ డిష్ బాక్సు పెట్టాం, దానికి ఆ మూడు పిన్నులూ ఉన్నాయి, నెలనెలా కట్టే పని లేదు. రిమోట్లు రెండయ్యాయన్నదే అత్తయ్యగారి ఫిర్యాదు. టీవీ రిమోట్ మీద సౌండు బటన్లు తప్ప మిగతావన్నీ ప్లాస్టరుతో మూసేశాను.

వదిలించుకోదలిస్తే పాత సామాన్ల ఆటోకి వేయకండి. రాగితీగ కోసం ట్యూబు మెడ విరిచి మిగతాది కాలవగట్టున పారేస్తారు, ఆ గాజులో సీసం ఉంటుంది. ఈ-వేస్టు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

పాత వీడియోగేముల పెట్టె కోసమో క్యాసెట్ల కోసమో సెకండ్‌హ్యాండులో కొనేవాళ్లు, అమ్మేవాళ్లింటికి వెళ్లేసరికే అది వేసి ఉంటే ఆపించి, చల్లారాక మళ్లీ వేయించండి. బొమ్మ వెలగడానికి నిమిషాలు పట్టినా, తెల్లచొక్కా అంచుల్లో రంగు కారినట్టున్నా ట్యూబు వీకైనట్టే. ఐసీలు, కండెన్సర్లు ఇంకా దొరుకుతున్నాయి. ట్యూబు పోతే మాత్రం కొత్తది దొరకదు, మెకానిక్‌ని పిలవడం కూడా దండగే.