లౌంజ్ లేదని కూడా చెప్పలేదు కదా మేడమ్! (అమ్మానాన్నలకు బిజినెస్ క్లాస్ కొనేవాళ్లకు హెచ్చరిక)

నిన్న రాత్రే డాలస్ చేరాం. అందరూ పడుకున్నారు, నాకు నిద్ర పట్టట్లేదు. జెట్‌లాగ్ కాదు, కోపం. తెల్లవారుజామున మూడింటికి కూర్చుని రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. ఈ సమ్మర్‌లో ఊరి నుంచి పెద్దవాళ్లను తెచ్చుకునే ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి, డబ్బు తర్వాత కట్టొచ్చు.

అమ్మకి పోయినేడు రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. నడుస్తుంది గానీ గంట దాటి కాళ్లు కిందకి వేలాడేసి కూర్చుంటే వాచిపోతాయి. అందుకని అమ్మకీ నాన్నకీ బిజినెస్, నాకు ఎకానమీ తీసుకున్నాను. ఎవరి దగ్గర అంటారా? మన తెలుగు గ్రూపులన్నిట్లోనూ ఉంటాడే ఒక టికెట్ల ఏజెంట్ అన్న, పండగ పండక్కీ విమానం తోక మీద దీపాలు పెట్టిన ఫొటో పంపుతుంటాడు, ఆయనే. పేరు రాయను, మీలో సగం మందికి ఆయన నంబర్ ఫోన్లోనే ఉంటుంది. ఎయిర్‌లైన్ పేరూ రాయట్లేదు. నా గొడవ ఎక్కువగా ఈయనతోనే.

మనిషికి రానూపోనూ 3,42,000 రూపాయలు. ఎయిర్‌లైన్ సైట్లో నేను చూసినది 3,71,000. "మన దగ్గర కార్పొరేట్ కోటా ఉంటదక్కా, బయటోళ్లకి రాదు" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. గోంగూర కొంటే కట్ట విప్పి లోపల ముదురాకులున్నాయేమో చూసే మనిషిని. అలాంటిది ఒక పేజీ పీడీఎఫ్ చూసి 6,84,000 పంపేశాను. ఆ పీడీఎఫ్‌లో పైన ఆయన లోగో, మధ్యలో అమ్మానాన్నల పేర్లు, కింద "క్లాస్: బిజినెస్" అని ఉంది. ఇంకేం కావాలి?

శంషాబాద్‌లోనే మొదటి దెబ్బ తగిలింది, నేనే గుర్తించలేదు. సీట్లు ముందే ఎంచుకుందామంటే యాప్‌లో తాళం బొమ్మ చూపించింది. అన్నని అడిగితే "కౌంటర్లో అడిగితే పక్కపక్కనే ఇచ్చేస్తారక్కా, టెన్షన్ వద్దు" అన్నాడు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే అమ్మకి మూడో వరుస, నాన్నకి ఏడో వరుస. తర్వాత విమానంలో ఒక గుజరాతీ పెద్దాయన తన సీటు ఇచ్చి పుణ్యం కట్టుకున్నాడు, అది వేరే సంగతి. ఆ రోజు ఔటర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైంది. వీల్‌చైర్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అన్నీ దాటేసరికి బోర్డింగ్ మొదలైపోయింది. బిజినెస్ వాళ్లు విశ్రాంతి తీసుకునే లౌంజ్ వైపు వెళ్లే టైమే లేదు. వెళ్లి ఉంటే అక్కడే బండారం బయటపడేది.

అసలు కథ మధ్యలో దిగిన ఎయిర్‌పోర్ట్‌లో. తర్వాతి విమానానికి ఆరున్నర గంటలు. అంతసేపు ఆగే ఫ్లైట్ కావాలనే తీసుకున్నాను. లౌంజ్‌లో అమ్మ రెండు మూడు గంటలు కాళ్లు చాపుకుని పడుకుంటుంది, నాన్న వేడిగా నాలుగు మెతుకులు తింటాడు, నేను బయట ఎక్కడో కూర్చుంటాను అని నా లెక్క. నాన్నకి దారి పొడవునా ఊరించి చెప్పాను కూడా, లోపల స్నానం చేయొచ్చు, మంచాల్లాంటి కుర్చీలు ఉంటాయి అని.

వీల్‌చైర్ తోసుకొచ్చిన కుర్రాడు లౌంజ్ తలుపు దగ్గర అమ్మని దింపి, ఫ్లైట్‌కి గంట ముందు మళ్లీ ఇక్కడికే వస్తానని చెప్పి కుర్చీ తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ గోడ పట్టుకుని నిలబడింది. కౌంటర్ వెనకున్న అమ్మాయి నవ్వుతూ నాన్న బోర్డింగ్ పాస్ తీసుకుని మిషన్ మీద పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. ఇంకోసారి పెట్టింది. మళ్లీ ఎరుపే. అమ్మది పెట్టింది, అదీ అంతే. నవ్వు మాత్రం తగ్గలేదు.

"సారీ, మీ ఫేర్‌లో లౌంజ్ లేదు" అంది.

"ఇది బిజినెస్ టికెట్" అన్నాను నేను. పాస్ మీద ఆ అక్షరాల కింద గోరు పెట్టి మరీ చూపించాను.

"అవును మేడమ్, బిజినెస్సే. కానీ లైట్ ఫేర్."

నాకు అర్థం కాలేదు. లైట్ ఏంటి, పెరుగు ప్యాకెట్టా? డబ్బు కడతానన్నాను. ఇప్పుడు రద్దీగా ఉంది, డబ్బు తీసుకుని పంపట్లేదంది. సరిగ్గా అప్పుడే మా వెనక నిలబడ్డ అబ్బాయి మమ్మల్ని తప్పించుకుని ముందుకొచ్చి తన పాస్ పెట్టాడు. పచ్చ లైటు. భుజాన చిన్న బ్యాగు, కాళ్లకి చెప్పులు, సరదాగా ఈల వేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఆ అబ్బాయిని తర్వాత ఎక్కడ చూశానో తెలుసా? డాలస్ విమానంలో, నాకు రెండు వరసల ముందు, ఎకానమీలో! ఉండబట్టలేక అడిగాను. పని మీద ఎప్పుడూ తిరుగుతాడట, గోల్డ్ కార్డు ఉందట. ఎకానమీ టికెట్‌తో అతను లోపల, బిజినెస్ టికెట్‌తో మా అమ్మ గోడ పట్టుకుని బయట.

నాన్న ఒక్క మాట అనలేదు. రెండు పాసులూ తీసుకుని, మడత పడకుండా చొక్కా జేబులో పెట్టుకుని, "పోనీలే తల్లీ, బయట కూడా ఏసీ ఉందిగా" అన్నాడు. నలభై ఏళ్లు బడిపంతులుగా చేసిన మనిషి. తలుపు దగ్గర ఎవరూ ఆయన్ని అలా వెనక్కి పంపి ఉండరు. ఆ "పోనీలే" వినకుండా ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో.

అన్నకి ఫోన్ చేశాను. ఇక్కడ నుంచి జాగ్రత్తగా చదవండి. డబ్బు కట్టేదాకా నేను "అక్కా". ఆ రోజు ఫోన్ ఎత్తగానే "చెప్పండి మేడమ్".

"మా టికెట్‌కి లౌంజ్ లేదంటున్నారు" అన్నాను.

"మీరు అడిగింది బిజినెస్ సీటు మేడమ్. సీటు వచ్చిందా, రాలేదా?"

"లౌంజ్ ఉందని చెప్పలేదా మీరు?"

"లౌంజ్ లేదని కూడా చెప్పలేదు కదా మేడమ్!"

ఈ మాట మళ్లీ చదవండి. నేనింకా అందులోంచి బయటకి రాలేదు. చాట్ వెనక్కి జరిపి చూశాను. మార్చిలో నేనే రాశాను: "అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయింది, మధ్యలో లౌంజ్‌లో పడుకోవచ్చు కదా?" అని. దానికి ఆయన జవాబు ఒక బొటనవేలు బొమ్మ. ఆ బొమ్మ చూసే నేను డబ్బు పంపింది. అదే చెప్తే, "మెసేజ్ చూశానని పెట్టాను మేడమ్, అవునని రాయలేదు. తక్కువలో కావాలంటే ఇలాగే వస్తాయి. ఆరు గంటలే కదా, బయట కుర్చీలు లేవా?" అని పెట్టేశాడు. తర్వాత నాలుగు మెసేజ్‌లు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కుర్చీలు ఉన్నాయి. ప్రతి సీటుకీ మధ్యలో ఇనప చెయ్యి అడ్డం. అమ్మ పడుకోవడానికి లేదు. నా ట్రాలీ బ్యాగు పడుకోబెట్టి దాని మీద శాలువా వేసి కాళ్లు పెట్టించాను. రెండో గంటకే చీలమండలు వాచి మెట్టెలు బిగుసుకుపోయాయి. సబ్బునీళ్లతో తీద్దామంటే అమ్మ ఒప్పుకోదు, అది ఇంకో యుద్ధం. అన్నం లేదు, పదిహేను డాలర్లు పెట్టి ఒక చల్లటి బన్ను కొన్నాం. దాన్ని నాన్న ముగ్గురికీ సమంగా తుంచాడు.

ఆ ఆరు గంటల్లోనే ఫోన్లో కూర్చుని ఇదంతా తెలుసుకున్నాను. కొనేముందు అరగంట పెట్టి ఉంటే సరిపోయేది, ఆ మాట మా ఆయన ఇప్పటికే రెండుసార్లు అన్నాడు, మీరు అనక్కర్లేదు.

బిజినెస్ క్లాస్ అనేది ఇప్పుడు ఒకే టికెట్ కాదు. క్యాబిన్ ఒకటే, సీటు ఒకటే, లోపల మూడు నాలుగు రకాల ధరలు. హోటల్ థాలీలోంచి పప్పు, పెరుగు, స్వీటు తీసేసి, విస్తరి మాత్రం అదే వేసినట్టు. ఇది ఏ ఒక్క కంపెనీయో చేస్తున్నది కాదు. ఎమిరేట్స్ 2019లో లౌంజ్, ఇంటికి కారు రెండూ లేని బిజినెస్ ఫేర్లు తెచ్చింది. ఖతార్ 2020లో బిజినెస్ లైట్ మొదలుపెట్టింది, ఫిన్‌ఎయిర్ 2021లో. ఫిన్‌ఎయిర్ లైట్‌లో అయితే చెక్-ఇన్ బ్యాగు కూడా లేకుండా చేశారు. నాది వీటిలోదే అని ఊహాగానాలు చేయకండి, ఇప్పుడు ఈ దారిలో చాలామంది ఉన్నారు. పైగా వాళ్ల సైట్లో ఏది ఉందో ఏది లేదో రాసే ఉంటుంది. మా ఎయిర్‌లైన్ సైట్లోనూ ఉంది. మూడు డబ్బాలు పక్కపక్కనే, లైట్ 3,36,000, దాని పక్కనది 3,71,000. నేను మొదటిసారి చూసినప్పుడు రెండోదాని మీద "ఎక్కువమంది ఎంచుకునేది" అని పచ్చ రిబ్బను ఉంటే, నా కళ్లు దాని మీదే ఆగిపోయాయి. అంటే కార్పొరేట్ కోటా లేదు, పాడూ లేదు. సైట్లో ఎవరికైనా దొరికే లైట్ టికెట్‌నే మనిషికి ఆరువేలు ఎక్కువ వేసి అమ్మాడు. "లైట్" అన్న మాట పీడీఎఫ్‌లోంచి లేపేశాడు. ముప్పై అయిదు వేలు ఎక్కువ కట్టమంటే కట్టేదాన్ని. అది అడగనేలేదు.

డబ్బు వెనక్కి వస్తుందేమోనని రూల్స్ కూడా చూశాను. 2023 ఫిబ్రవరి 15 నుంచి మన డీజీసీఏ (విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) రూలు ఒకటుంది. బిజినెస్ టికెట్ కొన్నవాళ్లను ఎయిర్‌లైన్ ఎకానమీకి దించేస్తే, అంతర్జాతీయ ప్రయాణంలో దూరాన్ని బట్టి టికెట్ డబ్బులో 30 నుంచి 75 శాతం దాకా తిరిగివ్వాలి, దేశంలో తిరిగే విమానమైతే 75 శాతం. చదివి సంబరపడ్డాను. కానీ మమ్మల్ని ఎవరు దించారు? సీటు ఇచ్చారు. మన వాటాకి రానిది లౌంజ్, అది మనం కొననేలేదట.

న్యాయంగా ఒకటి చెప్పాలి. విమానం లోపల ఏ తేడా చూపలేదని నాన్న చెప్పాడు. ఎయిర్‌హోస్టెస్ మోకాళ్ల మీద కూర్చుని పేరు పెట్టి పలకరించిందట, పక్క వేసి పెట్టిందట. అమ్మ తొమ్మిది గంటలు పడుకుంది. భోజనం దగ్గర మాత్రం అన్న అక్కడా చెయ్యి పెట్టాడు. శాకాహారం అని చెప్తే "హిందూ మీల్" నొక్కాడు. శనివారం పూట నాన్న రేకు మూత తీస్తే చికెన్. ఎయిర్‌లైన్స్ లెక్కలో హిందూ మీల్ అంటే గొడ్డుమాంసం లేనిది అని మాత్రమే, కోడీ మేకా రావచ్చు. మన శాకాహారం కావాలంటే "ఏషియన్ వెజిటేరియన్", ఏవీఎంఎల్ అనే కోడ్ అడగాలి. ఇదీ ఇప్పుడే తెలిసింది, నాన్న రొట్టె, పండ్లతో సరిపెట్టుకున్నాక.

ఇక మీకు చెప్పేది. ఏజెంట్ పీడీఎఫ్ నమ్మకండి. డబ్బు మొత్తం కట్టేముందు పీఎన్ఆర్ అడిగి, ఎయిర్‌లైన్ సైట్లో మీరే కొట్టి చూడండి, అక్కడ ఫేర్ పేరు ఉంటుంది. లైట్, స్పెషల్, బేసిక్, వాల్యూ లాంటి మాట కనిపిస్తే ఆగి, లౌంజ్, సీటు, బ్యాగులు, తేదీ మార్పు నాలుగూ అడగండి. మాటల్లో రాయమనండి, బొమ్మల్లో కాదు. ఎకానమీ కొని తర్వాత వేలంలో అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్లూ చూసుకోండి, చాలాచోట్ల బ్యాగులూ మైళ్లూ పాత టికెట్‌వే ఉంటాయి, లౌంజ్ ఉండకపోవచ్చు.

తిరుగు ప్రయాణం అక్టోబర్‌లో, అదీ ఈ టికెట్టే. తేడా కట్టి మార్చుకుందామని నిన్న రాత్రి ఇంటికి రాగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, "ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ మేడమ్, మార్పులు ఆయనే చేయాలి" అన్నారు. అంటే మళ్లీ ఆ బొటనవేలు దగ్గరికే వెళ్లాలి. నాన్నకి చెప్తే కాసేపు ఆలోచించి, "ఆ రోజు పులిహోర ఎక్కువ కలుపు, దుప్పటి ఒకటి చేతి సంచీలో పెడదాం" అన్నాడు.