వారానికో ఎపిసోడ్, ఆ తర్వాత వాదన: కొన్నేళ్లుగా ఇలాగే చూస్తున్నా, ఎలా ఉందంటే

ముందే చెప్తున్నా, ఇందులో సెవెరెన్స్, డార్క్, ఆండోర్ సిరీస్‌ల ముఖ్యమైన మలుపులు బయటపడతాయి. చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి.

ఇది చూసే పద్ధతి మీద సమీక్ష. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్‌లను వారానికి ఒకే ఎపిసోడ్ చొప్పున చూడటం, చూసిన వెంటనే నలుగురం కూర్చుని దాన్ని చీల్చి చెండాడటం. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా ఫ్లాట్‌లో ఇది కొన్నేళ్లుగా నడుస్తోంది. అనంతపురం నుంచి ఒకడు, నెల్లూరు నుంచి ఒకడు, ఒంగోలు నుంచి ఒక అక్క, నేను, అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లు కొందరు. శనివారం రాత్రి ఆంధ్రా మెస్ నుంచి పార్శిల్ తెచ్చుకుని కూర్చుంటాం. ఎపిసోడ్ గంట లోపే అయిపోతుంది, మాటలు మాత్రం పన్నెండు దాటినా అవ్వవు.

ఈ పద్ధతి అసలు బలం ఏంటో సెవెరెన్స్ రెండో సీజన్‌తో తెలిసింది. అందులో ఒక కంపెనీ ఉద్యోగుల మెదడులో చిప్ పెడుతుంది; ఆఫీసులో ఉన్నప్పటి మనిషికి బయటి జీవితం తెలియదు, బయటి మనిషికి ఆఫీసు సంగతి తెలియదు. మార్క్, హెల్లీ, అర్వింగ్ అలా లోపల పనిచేసేవాళ్లు. హెల్లీ బయట ఉన్నప్పుడు హెలెనా, ఆ కంపెనీ యజమాని కూతురు. మొదటి సీజన్ చివర్లో ఈ లోపలివాళ్లు కాసేపు బయట మేల్కొంటారు. 2025 జనవరి 17 నుంచి మార్చి 21 దాకా, శుక్రవారానికొకటి చొప్పున పది ఎపిసోడ్‌లు వచ్చాయి. మొదటి ఎపిసోడ్‌లో హెల్లీ తను బయట ఏం చూసిందో మిగతావాళ్లకి చెప్పే సీన్ ఉంటుంది కదా, అక్కడ రాత్రిపూట పనిచేసే తోటమాలి కనిపించాడని అంటుంది. అంతే, ఒంగోలు అక్క రిమోట్ లాక్కుని పాజ్ కొట్టింది. "రాత్రిపూట తోటపని ఎవడు చేస్తాడు? ఈ పిల్ల హెల్లీ కాదురా, పైనున్న హెలెనా." అనంతపురం వాడు ఒప్పుకోలేదు. అవమానంతో నిజం దాస్తోందంతే, తన తండ్రి కంపెనీ అని ఎలా చెప్పుకుంటుంది అన్నాడు. అది కూడా న్యాయమైన మాటే. నాలుగో ఎపిసోడ్‌లో మంచులో అర్వింగ్ ఆమెని పట్టుకుని తల నీళ్లలో ముంచేదాకా మా ఇంట్లో ఆ గొడవ తెగలేదు. మధ్యలో గడిచిన ఆ వారాలు ఎంత బాగున్నాయో చెప్పలేను. ఆమె నవ్వినా అనుమానమే, మార్క్ వైపు చూసినా అనుమానమే. ఒక్కరోజులో మొత్తం చూసేసినవాళ్లకి ఆ అబద్ధానికీ అది బయటపడటానికీ మధ్య మూడు గంటలు కూడా ఉండవు. అనుమానం ముదరడానికి టైమ్ ఎక్కడిది?

ఏడో ఎపిసోడ్ సంగతి వేరు. ఆ సిరీస్‌కి కెమెరా పనిచేసిన జెస్సికా లీ గాన్యే మొదటిసారి దర్శకత్వం చేసింది దానికే. చనిపోయిందనుకున్న మార్క్ భార్య జెమ్మాని కింది అంతస్తులో ఒక్కో గదిలోకి పంపుతుంటారు, ప్రతి గదిలోనూ ఆమె వేరే మనిషి. ఒక గదిలో ఎప్పుడూ పంటి డాక్టరే, ఒక గదిలో ఎప్పుడూ కుదుపుల్లో ఉన్న విమానమే, ఇంకో గదిలో చెయ్యి లాగేదాకా క్రిస్మస్ థాంక్యూ కార్డులు రాయడమే. ఆ గదిలో ఉండే మనిషికి వేరే జీవితం అంటూ లేదు. చివర్లో ఆమె తప్పించుకుని లిఫ్ట్ ఎక్కితే, తలుపు తెరుచుకునేసరికి తను ఎవరో తనకే తెలియని, ఆఫీసులో పనిచేసే మిస్ కేసీ అయిపోతుంది. ఆ రాత్రి వాదన జరగలేదు. అక్క మాత్రం "వీళ్లకి ఉసురు తగులుతుంది" అంది. వారం మొత్తం ఆ ఒక్క ఎపిసోడే బుర్రలో తిరిగింది, నాకు కావలసింది కూడా అదే.

అక్క వాళ్లమ్మ వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివేవారట, పోస్ట్‌మ్యాన్ కంటే ముందే గేటు దగ్గర నిలబడి. సశేషం అని ఆగిన చోటు నుంచి వచ్చేవారం దాకా పక్కింటావిడతో అదే చర్చ. మేం చేస్తున్నదీ అదే, కాకపోతే మా కథలో చిప్ పెట్టిన మెదళ్లు ఉంటాయి.

అన్నీ ఒకేసారి పడేసిన సిరీస్‌కి కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. మనుషులు కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే కథ డార్క్, మూడు సీజన్లు, 26 ఎపిసోడ్‌లు, 2020కే ముగిసిపోయింది. మేం చాలా ఆలస్యంగా మొదలుపెట్టి, వారానికొకటే అని మాకు మేమే గీత గీసుకున్నాం. ఫ్రిజ్ మీద చార్ట్ పేపర్ అంటించి వంశవృక్షం రాసుకుంటూ వెళ్లాం. మార్తా తమ్ముడు మిక్కెల్ 1986లోకి వెళ్లిపోయి, అక్కడే పెరిగి, మార్తాని ప్రేమిస్తున్న జోనస్‌కి తండ్రయ్యాడని తెలిసిన రోజు నెల్లూరు వాడు పెన్ను పట్టుకుని చార్ట్ దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. "మామా, అయితే మార్తా వీడికి మేనత్త కదరా!" వరసలు పుట్టినప్పటి నుంచీ నోటికొచ్చిన మనకి ఆ షాక్ తగిలే తీరే వేరు. తర్వాత షార్లెట్, ఎలిసబెత్ ఒకరికొకరు తల్లీ, ఒకరికొకరు కూతురూ అని తేలాక గీతలు గీయడానికి పేపర్ మీద దారి లేదు.

మూడేసి ఎపిసోడ్‌లు వదిలే పద్ధతి మీద నాకు పూర్తి సంతృప్తి లేదు. స్టార్ వార్స్ ప్రపంచంలో జరిగే ఆండోర్ రెండో సీజన్ 2025 ఏప్రిల్, మే నెలల్లో నాలుగు వారాల్లో పన్నెండు ఎపిసోడ్‌లు ఇచ్చేసింది, మూడేసి కలిపి కథలో ఒక్కో ఏడాది. చూస్తుంటే ప్రతివారం ఒక పెద్ద సినిమా చూసినట్టే ఉంది, నా లెక్కలో ఆ సీజన్ ఈ మధ్య వచ్చినవాటిలో అన్నిటికంటే మేలు. కానీ మాట్లాడేటప్పుడు మూడోది మొదటి రెండింటినీ మింగేస్తుంది. ఘోర్మన్ అనే గ్రహంలో జనాన్ని సామ్రాజ్యం ఊచకోత కోసే ఎపిసోడూ, ఆ వెంటనే దాన్ని ఖండిస్తూ సెనేటర్ మాన్ మోత్మా సెనేట్‌లో ప్రసంగించే ఎపిసోడూ ఒకే రాత్రి చూశాం. చౌరస్తాలో జనం పాట ఎత్తుకునే ఆ సీన్ ఒక్కదాని గురించే వారం మాట్లాడుకోవచ్చు, పది నిమిషాల్లో దాటేశాం. అది నాకు ఇప్పటికీ బాధే.

స్ట్రేంజర్ థింగ్స్ ఐదో సీజన్ నాలుగు, మూడు, ఒకటి అని మూడు ముక్కలుగా వచ్చింది, చివరిది మనకి 2026 జనవరి 1 పొద్దున్న ఆరున్నరకి. కొత్త సంవత్సరం రోజు, అంత పొద్దున్నే, అందరం లేచి కూర్చున్నాం. బాగానే ఉంది. ఆ తర్వాత ఇంకో రహస్య ఎపిసోడ్ ఉందని, అసలు ముగింపు అందులోనే ఉందని చాలామంది అభిమానులు నమ్మి ఎదురుచూశారు, రాలేదు. ఊహించడం మంచిదే గానీ, మన ఊహ నిజం కాలేదని సిరీస్‌నే తప్పుపట్టే దశకి వెళ్తే ఆనందం పోతుంది.

ఇక ఇబ్బందులు. స్పాయిలర్లు పెద్ద తలనొప్పి. హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మనకి సోమవారం పొద్దున్న ఆరున్నరకి వస్తే, ఆఫీసు క్యాబ్ సిల్క్ బోర్డ్ దాటేలోపు ఎవడో ఒకడు స్టేటస్‌లో ఎవరు చచ్చారో పెట్టేస్తాడు. శనివారం దాకా ఆగాలంటే ఫోన్‌లో సగం గ్రూపులు మ్యూట్ చెయ్యాల్సిందే, చేస్తున్నాం. ఇంకోటి సీజన్ల మధ్య ఎడం. సెవెరెన్స్ మొదటి సీజన్ 2022 ఏప్రిల్‌లో అయిపోతే రెండోది వచ్చేసరికి దాదాపు మూడేళ్లు. ఈలోపు గ్యాంగ్‌లో ఒకరికి పెళ్లయి హైదరాబాద్ వెళ్లిపోయారు, వాళ్లతో ఇప్పుడు ఫోన్‌లోనే వాదన, ఆ ఊపు రాదు.

ఇంకోమాట, ఇంట్లో మనుషులు నలుగురైదుగురు మించకూడదు. ఎనిమిది మంది అయిన రాత్రి ఒక్కరి వాదనా పూర్తవ్వలేదు. అందరూ ఒప్పుకునేవాళ్లు వద్దు, ఎదురు తిరిగేవాడు ఒక్కడైనా కావాలి. మా అనంతపురం వాడు లేకపోతే సెవెరెన్స్ సగమే రుచించేది.

కొత్తగా మొదలుపెట్టాలంటే ఆ సెవెరెన్స్ మొదటి సీజన్‌తోనే పెట్టండి, తొమ్మిదే ఎపిసోడ్‌లు. తొమ్మిదోది మాత్రం ఆదివారం రాత్రి పెట్టుకోకండి, తెల్లారి ఆఫీసుకి నిద్ర లేకుండా పోవాల్సి వస్తుంది.