ఇంటికొచ్చి బ్యాటరీ ఉల్టా బిగించి 'ఈసీఎం పోయింది' అంటే, డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

ఫోన్ చేస్తే ఇంటికొచ్చి కారు బ్యాటరీ మార్చే సర్వీసులు వాడుకునేవాళ్లు జాగ్రత్త. హడావిడిలో ప్లస్, మైనస్ తారుమారు చేస్తారు. నిప్పురవ్వలు లేవగానే గబగబా వైర్లు సరిచేస్తారు. ఆ తర్వాత బండి స్టార్ట్ కాకపోతే 'ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కొట్టేసింది సార్, మార్చాల్సిందే' అని తేల్చేస్తారు. ఆ మాట మీద ఒక్క రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఉల్టా తగిలినప్పుడు ముందు దెబ్బ తినేది ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) దారి. అందులోని డయోడ్లు కరెంటును ఒకవైపే పోనిస్తాయి. మామూలుగా బ్యాటరీ కరెంటును అడ్డుకునే ఇవి, బ్యాటరీ తిరగబడితే దాన్ని నేరుగా పోనిస్తాయి. అది షార్ట్ సర్క్యూటే. బానెట్ కింది ఫ్యూజు పెట్టెలో ఉండే మెయిన్ ఫ్యూజు (చాలా కార్లలో 80 నుంచి 120 ఆంపియర్లది) కాలిపోతుంది. అది వెంటనే కాలితే డయోడ్లు బతికిపోతాయి. ఈసీఎంలకు సాధారణంగా ఉల్టా కరెంటును తట్టుకునే రక్షణ ఉంటుంది. అది ఎప్పటికీ పోదని కాదు, కానీ అనుమానించాల్సిన వరుసలో దాని వంతు చివరిది.

'స్కానర్ (కారులోని లోపాలు చదివే పరికరం) కనెక్ట్ కావట్లేదు, అంటే ఈసీఎం చచ్చింది' అనేది బాగా వాడే మాట. స్కానర్ తగిలించడానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 4వ పిన్నుకు ఎర్త్ వస్తాయి. ఆ రెండిటి మధ్య 12 వోల్టులు లేకపోతే స్కానర్ ఎలా వెలుగుతుంది? ఆ సాకెట్ ఫ్యూజు పోయిందేమో ముందు చూడమనండి. పాత ఈసీఎం తెచ్చి వేస్తామంటే అసలు ఒప్పుకోకండి. ఇమ్మొబిలైజర్ (సొంత తాళంచెవి లేకుండా బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కారులో, మీ తాళంచెవికి జత కుదిర్చే కోడింగ్ చేయకుండా వేస్తే మీ తాళంచెవిని అది గుర్తించదు, బండి స్టార్ట్ కాదు.

చెక్ చేయాల్సిన వరుస ఇది. మైనస్ క్లాంప్ ముందు విప్పండి. మెయిన్ ఫ్యూజు, దాని పక్కనున్న పెద్ద ఫ్యూజులు (పవర్ స్టీరింగ్, ఏబీఎస్), డాష్‌బోర్డు కింది చిన్నవి అన్నిటికీ మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (లోపల తెగకుండా కరెంటు పోతోందా అని) చూడండి. మెయిన్ ఫ్యూజు బోల్టులతో బిగించి ఉంటే లాగకండి, విప్పాలి. అదే ఆంపియర్లది వేయాలి. తీగ చుట్టి నడిపిస్తానన్నవాడిని అక్కడే ఆపండి, వైరింగే కాలుతుంది.

తర్వాత ఆల్టర్నేటర్ వెనక బీ ప్లస్ వైరు (బ్యాటరీ ప్లస్‌కు వెళ్లే లావు వైరు) విప్పి, మీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ ఆల్టర్నేటర్ బాడీకి, నల్లది బీ ప్లస్ బోల్టుకు ఆనిస్తే 1 వోల్టుకు కాస్త అటూఇటూ రావాలి. ప్రోబులు మారిస్తే ఓఎల్ (కరెంటు పోవట్లేదని మీటర్ చూపే గుర్తు) రావాలి. రెండు వైపులా సున్నా దగ్గరే ఉంటే డయోడ్లు షార్ట్. ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదు, డయోడ్ ప్లేట్ మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

కొత్త ఫ్యూజు వేశాక బ్యాటరీని నేరుగా కలపకండి. ఇగ్నిషన్‌లోంచి తాళంచెవి బయటకు తీసి, తలుపులన్నీ మూసి, మైనస్ పోస్టుకూ మైనస్ క్లాంప్‌కూ మధ్య 12 వోల్టుల 21 వాట్ల బల్బు పెట్టండి. మొదట క్షణం వెలిగి మసకబారితే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకెక్కడో షార్ట్ ఉన్నట్టు. ఒక్కొక్క ఫ్యూజూ పీకుతూ పోతే ఏది పీకినప్పుడు ఆరిందో ఆ సర్క్యూటే దొంగ. మ్యూజిక్ సిస్టమ్‌లోని రక్షణ డయోడ్ ఇలా దొరుకుతుంటుంది.

స్టార్టయ్యాక బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి (అవసరాన్ని బట్టి ఛార్జింగ్‌ను కారే మార్చుకునే 'స్మార్ట్ ఛార్జింగ్' కొత్త కార్లలో కాస్త మారుతుంది). అక్కడే మీటర్‌ను ఏసీ వోల్టుల మోడ్‌లో పెడితే అర వోల్టు దాటినట్టు చూపిస్తే డయోడ్ ఒకటి దెబ్బతిన్నట్టే.

అసలు ఈ తప్పు ఎక్కువగా బ్యాటరీ ఎంపికలోనే మొదలవుతుంది. బ్యాటరీ మీద ఉండే మోడల్ నంబరులో, ఉదాహరణకు 38బీ20 తర్వాత, ఎల్ ఉందో, ఆర్ ఉందో చూడండి. టెర్మినల్స్ మనవైపు ఉండేలా పెడితే ఎల్‌కు ప్లస్ కుడివైపు, ఆర్‌కు ఎడమవైపు ఉంటుంది. వైరు రంగు నమ్మకండి, డబ్బా మీద అచ్చయిన గుర్తు చూడండి. ప్లస్ పోస్టు మైనస్ కంటే లావు. క్లాంప్‌ను సాగదీసి, సుత్తితో కొట్టి ఎక్కిస్తున్నారంటే అక్కడే ఆపేయండి. ఆ సాగిన క్లాంపే తర్వాత మీ సాక్ష్యం, ఫోటో తీసుకోండి.

ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటార్ పాలసీల్లో మినహాయింపు, ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. బిల్లు మీద 'పోలారిటీ (ప్లస్, మైనస్) తప్పుగా బిగించాం' అని ఫిట్టర్ చేత అప్పుడే రాయించుకోండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు.