పూల పలకల ఊళ్ళలో ఒక వేసవి

షెఫీల్డ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి 2025 మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్ళాము. సందర్శకుల వీసా మీద ఆరు నెలల వరకు ఉండవచ్చు కాబట్టి తొందరేమీ లేదు. పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులందరిలాగే మేమూ లండన్, ఎడిన్‌బరో చూశాము. వాటి గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది షెఫీల్డ్‌కు పడమట, డెర్బీషైర్ కొండల్లో ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ పల్లెల గురించి, అక్కడ వేసవిలో జరిగే ఊరి పండుగల గురించి. కరీంనగర్ జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైనవాడిని కావడం వల్ల, ఏ ఊరికి వెళ్ళినా నా కాళ్ళు ముందుగా నోటీసు బోర్డు వైపే పోతాయి. ఈ అలవాటు అక్కడ నాకు చాలా ఉపయోగపడింది.

అక్కడి పల్లెల్లో ఆ బోర్డు ప్యారిష్ కౌన్సిల్‌ది. ప్యారిష్ అన్న మాటకు ఇంగ్లండులో రెండు అర్థాలున్నాయి. ఒకటి చర్చి పరిధిలోకి వచ్చే ప్రాంతం. రెండవది 1894 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంతో ఏర్పడిన, మన గ్రామ పంచాయతీని పోలిన పాలనా విభాగం. ప్యారిష్ కౌన్సిల్ సభ్యులకు జీతం ఉండదు. జీతం తీసుకునేది క్లర్కు ఒక్కరే, అదీ చిన్న ఊళ్ళలో వారానికి కొన్ని గంటల పనికి. ఆటస్థలం, బెంచీలు, బస్ షెల్టరు, కాలిబాటలు, శ్మశానం లాంటివి వారు చూసుకుంటారు. సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందే ఎజెండా బోర్డుకెక్కాలి. ఆ ఎజెండా పక్కనే ఫలానా శనివారం పాత సామాను అమ్మకం, ఫలానా సాయంత్రం బ్యాండు, పూరేకులు అద్దడానికి మనుషులు కావాలి అని చేతిరాత కాగితాలు గుచ్చి ఉంటాయి. యాత్రికుడికి కావలసినదంతా ఆ అద్దాల పెట్టెలోనే దొరుకుతుంది. ఫోనులో వెతికినప్పుడు మాకు దొరికినదాంట్లో సగం నిరుటి సమాచారమే.

మొదటి యాత్రకు ముహూర్తం దానంతటదే కుదిరింది. ఈస్టర్ తరువాత నలభయ్యో రోజున, గురువారం నాడు వచ్చే క్రీస్తు ఆరోహణ పండుగకు టిస్సింగ్టన్ అనే ఊళ్ళో బావులను పూలతో అలంకరిస్తారు. ఏటా మే 29న, అది ఆదివారమైతే ముందురోజు, కాసిల్టన్‌లో పూల రాజు ఊరేగింపు జరుగుతుంది. 2025లో ఈ రెండూ ఒకే రోజున పడ్డాయి. అల్లుడు సెలవు పెట్టి కారు తీశాడు కాబట్టి సరిపోయింది కానీ, బస్సుల మీద ఈ రెండింటినీ ఒక రోజులో చూడటం అయ్యే పని కాదు.

టిస్సింగ్టన్ చూడముచ్చటైన ఊరు. ఒకే వీధి, బూడిదరంగు రాతి ఇళ్ళు, మధ్యలో ఫిట్జ్‌హెర్బర్ట్ కుటుంబపు పెద్ద భవనం, ఊరి నిండా ఆరు బావులు. బావులంటే మన చేదబావుల్లా లోతైనవి కావు, నేల మీదికి ఉబికే ఊటలు. వాటి వెనుక మనిషి కన్నా ఎత్తైన చెక్క పలకల మీద పూరేకులతో కూర్చిన బైబిలు చిత్రాలు నిలబెడతారు. 1348–49 నాటి మహమ్మారి నుంచి ఈ నీళ్ళే కాపాడాయన్న కృతజ్ఞతతో మొదలైందని కొందరు, 1615 నాటి కరువులోనూ ఇవి ఎండలేదు కాబట్టి అని కొందరు చెబుతారు. చిత్రాలు నిజంగా గొప్పవి. అయితే మేము వెళ్ళేసరికి ఒక్కొక్క పలక ముందు నాలుగు వరుసల జనం. ఫోటో తీసుకుని, ఐదు నిమిషాల్లో తరువాతి దానికి నడవడమే పని. తిరుపతిలో రద్దీ రోజున దర్శనం చేసుకున్నట్టే అయింది. తొలిసారి చూసేవారికి టిస్సింగ్టన్ తప్పక చూడదగినదే, కానీ ఒక పూటకు మించి కేటాయించనక్కరలేదు.

సాయంత్రానికి కాసిల్టన్ చేరాము. రెండవ చార్లెస్ 1660 మే 29న తిరిగి లండన్‌లో అడుగుపెట్టి రాజ్యం అందుకున్నాడు. ఆయన పుట్టినరోజు కూడా అదే. ఆ జ్ఞాపకార్థం జరిగే ఈ వేడుకలో గుర్రం మీద కూర్చున్న మనిషి తల మీద నుంచి నడుము దాకా తేనెతుట్టె ఆకారంలో ఉన్న పూల చట్రాన్ని బోర్లిస్తారు. లోపలి మనిషి కనబడడు, నడిచే పూలకుప్ప మాత్రమే కనిపిస్తుంది. తెల్ల గౌన్ల ఆడపిల్లలు ఆడుతూ, బ్యాండు వాయిస్తూ ఊరేగింపు ఒక్కొక్క పబ్బు ముందు ఆగుతుంది. చివరికి ఆ చట్రాన్ని తాళ్ళతో చర్చి గోపురం పైకి లాగి అక్కడే కట్టేస్తారు. గోపురం కింద అందరం మెడలు రిక్కించి నిలబడిన ఆ పది నిమిషాలు టిస్సింగ్టన్ పూట మొత్తంకన్నా నాకు ఎక్కువ గుర్తున్నాయి. ఇక్కడ ఎవరూ చూపించడానికి చేయడం లేదు, చేస్తుంటే మనం చూస్తున్నాము. ఊరి పిల్లలకు మాకన్నా ముందు వరుస ఇచ్చారు, అది న్యాయమే.

ఆ అనుభవంతో, పండుగ రోజు కాకుండా పండుగకు ముందు రోజు వెళ్ళాలని నిర్ణయించుకున్నాము. జూన్ చివరి వారంలో టైడ్స్‌వెల్‌లో ఊరి ఉత్సవాలు, దివిటీల ఊరేగింపు జరుగుతాయి. ఆ ఊరి పద్నాలుగో శతాబ్దపు చర్చిని దాని పరిమాణాన్ని బట్టి పీక్ కథీడ్రల్ అని పిలుస్తారు. మేము దానికి దగ్గరలోని ఒక చిన్న ఊళ్ళో, నోటీసు బోర్డు మీద చూసిన చిరునామా పట్టుకుని, పూల పలకలు తయారుచేస్తున్న ఒక రాతి షెడ్డులోకి వెళ్ళాము. ఎవరు మీరు అని అడగలేదు. చేతులు కడుక్కున్నారా అని మాత్రం అడిగారు.

అక్కడ చూసిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మేకులు గుచ్చిన చెక్క పలకలను ముందుగా కొన్ని రోజులు చెరువులో నానబెడతారు, పొడి చెక్క మట్టిలోని తడిని పీల్చేస్తుంది కాబట్టి. బంకమన్నులో ఉప్పు, నీళ్ళు కలిపి, గోడకు మట్టి తొక్కినట్టుగా బూట్లతో తొక్కి, మెత్తగా అయ్యాక పలక మీద అంగుళం మందాన పరుస్తారు. ఉప్పు వేసేది మట్టి వారం రోజులు ఆరిపోకుండా ఉండటానికి. దాని మీద బొమ్మ గీసిన కాగితం పరచి, గీతల వెంట సూదితో పొడుస్తారు. కాగితం తీశాక మట్టిలో మిగిలే చుక్కల వెంట ఆల్డర్ చెట్టు కాయలో, కాఫీ గింజలో, మిరియాలో ఒక్కొక్కటిగా గుచ్చి హద్దు కడతారు. ఆ తరువాతే పూరేకులు. నీలానికి హైడ్రేంజియా, ఆకుపచ్చకు నాచు, గొర్రె బొమ్మకు నిజమైన ఉన్ని. అన్నీ ప్రకృతిలో దొరికేవే వాడాలన్నది అక్కడి నియమం. రేకులను కింది వరుస నుంచి పైకి, ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా, ఇంటి పైకప్పు మీద పెంకులు పరచినట్టు అద్దాలి. అప్పుడు వాన పడినా నీరు జారిపోతుంది కానీ మట్టిలోకి దిగదు.

మా ఆవిడ ఏడేళ్ళ వయసు నుంచి బతుకమ్మ పేరుస్తున్న మనిషి. తంగేడు, గునుగు పేర్చిన చేతికి కింది నుంచి పైకి వరుస కట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఆమెకు ఒక దేవదూత రెక్కలో జానెడు భాగం అప్పగించారు. పూరేకును బొటనవేలితో అదిమితే నలిగి నల్లబడుతుందని, వేలి చివరతో తాకీ తాకనట్టు నొక్కాలని పక్కనున్న పెద్దావిడ చూపించింది. రెండు గంటల్లో జానెడు నిండింది. నేను మాత్రం ఆల్డర్ కాయలు తొడిమలు తీసి డబ్బాలో వేసే పనికి పరిమితమై, ఈ మట్టికి, చెక్కకు, టీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, లెక్కలు ఎవరు రాస్తారు అని అడుగుతూ కూర్చున్నాను. చందా డబ్బా నుంచి, కేకుల అమ్మకం నుంచి వస్తుందట, లెక్క ఒక నోటు పుస్తకంలో ఉందట. “బాపూ, వాళ్ళ పుస్తకం ఆడిట్ చేస్తా అనకు” అని మా అమ్మాయి తెలుగులో హెచ్చరించవలసి వచ్చింది. వారం తరువాత రేకులు వాడిపోతే పలకలు దించి, మట్టి గీకి మళ్ళీ వాడుకుంటారు.

ఇక బసల సంగతి. అప్పుడు మేము దిగినది ఒక పబ్బు పైన ఉన్న గది. తక్కువలో వచ్చింది, తక్కువగానే ఉంది. రాత్రి పదకొండు దాకా కింద మాటల హోరు నేల చెక్కల గుండా వినబడింది, రెండో రోజు ఉదయం వేడినీళ్ళు రాలేదు, చెప్పితే క్షమించమన్నారు కానీ బాగుచేయలేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు ముందే అడగవలసిన ప్రశ్న మెట్ల గురించి. పాత రాతి ఇళ్ళలో మెట్లు నిచ్చెనల్లా ఉంటాయి, లిఫ్టు మాట అడగనే వద్దు. ఆగస్టులో దిగినది ఒక ఇంట్లో అద్దెకిచ్చే గది, ఉదయం ఫలహారంతో కలిపి ఇద్దరికి రాత్రికి తొంభై అయిదు పౌండ్లు. ఆ డబ్బుకు అది పూర్తిగా తగినది. మా ఆవిడ శాకాహారి అని చెప్పడంతో పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేరే పెనం మీద చేసి పెట్టారు. ఆ వేరే పెనం అన్న మాట వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. పండుగ వారాల్లో ఇలాంటి గదులు నెలల ముందే నిండిపోతాయి, కొన్నిచోట్ల రెండు రాత్రులకు తక్కువ ఇవ్వరు.

ఆగస్టు చివరి సోమవారం సెలవు నాడు హోప్ అనే ఊళ్ళో జరిగే వ్యవసాయ ప్రదర్శన గురించి ఎక్కువ రాయను. గొర్రెలు, గుర్రాలు, కూరగాయల పోటీలు, ఈల వేస్తే మందను మళ్ళించే కుక్కల పందేలు. పశువుల సంత మీద ఇష్టం ఉన్నవారికి రోజంతా గడుస్తుంది, లేనివారికి గంట చాలు.

ఆ వారాంతంలో వెళ్ళిన ఊరి పేరు రాసేటప్పుడు ఐయామ్ అనిపించేలా ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం ఈమ్. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ఈ ఊరికి ప్లేగు వచ్చిందంటారు. మూట విప్పి ఆరబెట్టిన దర్జీ సహాయకుడు జార్జి వికర్స్ సెప్టెంబరులో మొదటగా చనిపోయాడు. 1666 జూన్‌లో చర్చి ఫాదర్ విలియం మాంపెసన్, ఆయనకు ముందు ఆ పదవి నుంచి తొలగించబడిన థామస్ స్టాన్లీ, మత విషయంలో పొత్తు కుదరని ఆ ఇద్దరూ కలిసి ఊరిని ఒప్పించారు: ఎవరూ పొలిమేర దాటరాదు, చర్చి మూసి ఆరుబయట ప్రార్థనలు చేయాలి, ఎవరి శవాలను వారే పాతుకోవాలి. ఆ ఏడాది నవంబరుకు వ్యాధి ఆగేలోపు సుమారు 260 మంది పోయారు. ఆగస్టులో మాంపెసన్ భార్య కేథరిన్ కూడా. ఊరి బయట రైలీ అనే చోట ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతో పూడ్చిన సమాధులు గుండ్రటి రాతి ప్రహరీలో ఉన్నాయి. ఊరికి కింద, స్టోనీ మిడిల్టన్ దారిలో, ఆరు గుంటలు తొలిచిన సరిహద్దు రాయి ఉంది. పొరుగు ఊళ్ళవాళ్ళు తెచ్చి దింపిన తిండికి బదులుగా ఆ గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వేసేవారు. నేను వేలు పెట్టి చూశాను, లోపల అంచులు నున్నగా ఉన్నాయి.

2020 మార్చిలో మా వైపు ఊళ్ళు పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డం వేసుకున్నాయి. అవి బయటివాడు లోపలికి రాకుండా వేసినవి. ఈమ్ వాళ్ళు వేసుకున్న కంచె తాము బయటకు పోకుండా. ఆ రాయి దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

ప్రతి ఏటా ఆగస్టు చివరి ఆదివారం చర్చి నుంచి ఊరేగింపుగా నడిచి, అప్పటి ఆరుబయట ప్రార్థనలు జరిగిన కక్‌లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయలో ప్రార్థన చేస్తారు. దీన్ని ప్లేగు ఆదివారం అంటారు. మడత కుర్చీలు, గొడుగులు, ముసలివాళ్ళను చేయి పట్టి దింపే కుర్రవాళ్ళు. కళ్ళనీళ్ళు, ఉపన్యాసాల హోరు ఏమీ లేవు. అదే కాలంలో ఊటల దగ్గర పూల పలకలు, కార్నివాల్, నిలువు గొర్రెను కాల్చి వడ్డించే విందు కూడా ఉంటాయి. దుఃఖాన్నీ కార్నివాల్‌నూ పక్కపక్కన పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. మొహర్రం పీరీల ముందు పులివేషాలు ఆడిన ఊళ్ళలో పెరిగిన నాకు వింతగా అనిపించలేదు. నీటి ఊటలను 1588లోనే గొట్టాలతో రాతి తొట్లకు మళ్ళించిన ఊరు ఇది. ఎన్నో కుళాయిల ప్రారంభోత్సవాలకు హాజరైనవాడిగా ఆ తొట్ల ముందు నేను తల వంచాను. వలంటీర్లు నడిపే మ్యూజియం చిన్నదైనా చాలా శ్రద్ధగా అమర్చినది, గంటన్నర పడుతుంది. వెళ్ళే ముందు తెరిచి ఉండే రోజులు కనుక్కోవాలి.

ప్రయాణ సౌకర్యాల విషయానికి వస్తే, షెఫీల్డ్ నుంచి బక్స్‌టన్ వెళ్ళే 65 నంబరు బస్సు ఈమ్, టైడ్స్‌వెల్ రెండింటినీ కలుపుతుంది. 2025లో ఇంగ్లండులో చాలా బస్సుల్లో ఒక వైపు టికెట్టు మూడు పౌండ్లకు మించలేదు. వృద్ధుల ఉచిత పాసు అక్కడ నివాసం ఉన్నవారికే కాబట్టి మనకు రాదు. షెఫీల్డ్ – మాంచెస్టర్ మధ్య ఆగుతూ వెళ్ళే రైలు గ్రిండిల్‌ఫర్డ్, హాథర్సేజ్, హోప్ స్టేషన్లలో ఆగుతుంది. దుకాణాల్లో కార్డు నడుస్తుంది కానీ చర్చి టీ బల్ల దగ్గర, మొక్కల అమ్మకం దగ్గర చిల్లర నాణేలే కావాలి. ఆదివారం బస్సులు పలుచన. మేము ముందే మాట్లాడుకున్న టాక్సీ ప్లేగు ఆదివారం నాడు రానేలేదు, ఫోను కూడా ఎత్తలేదు. బస్ షెల్టరులో గంటా పది నిమిషాలు కూర్చున్నాము. ఆ షెల్టరు గోడకు సెప్టెంబరు సమావేశపు ఎజెండా అంటించి ఉంటే పూర్తిగా చదివాను. ఆరో అంశం ఆ షెల్టరు కప్పు మరమ్మతు.