గిగ్ (స్టేజీ ప్రోగ్రాం) ముందు హడావుడిగా పాత బాస్ కొనకండి: నాకు 700 డాలర్లు పోయాయి

డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్‌లో బాస్ గిటార్ వెతుకుతున్న మన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "ఫెండర్ ప్రెసిషన్ బాస్, అమెరికా మేడ్, 2012. ఊరు మారుతున్నాను, వెంటనే అమ్మాలి" అని యాడ్ కనిపించి, ఫొటోలో గిటార్ కింద నీలం గళ్ళ దుప్పటి పరిచి ఉంటే ఆగండి. అలాంటిదే ఒకటి ఇప్పుడు మా సోఫా వెనక పడి ఉంది. అమెరికా మేడ్ కాదు, 2012 కాదు, అసలు ఫెండరే కాదు.

నేను గుంటూరులో చర్చిలో కీబోర్డు పక్కన నిలబడి బాస్ నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఉగాదికి, సంక్రాంతికి మన ఆర్కెస్ట్రాల్లో వాయిస్తుంటాను. మా ఆఫీసులో ఒక పెద్దాయనకి కంట్రీ బ్యాండ్ ఉంది. ఆగస్టులో వాళ్ళ బాస్ ప్లేయర్‌కి మణికట్టు ఆపరేషన్ అయింది. బుధవారం మధ్యాహ్నం ఆయన నా సీటు దగ్గరికొచ్చి, "ఈ శని, ఆదివారాలు న్యూ బ్రాన్‌ఫెల్స్ వైపు రెండు ప్రోగ్రాములున్నాయి, వస్తావా?" అన్నాడు. కంట్రీ ఎప్పుడూ వాయించలేదన్నాను. "రెండు నోట్లు వస్తే చాలు" అని నవ్వాడు.

నిజంగానే చాలా పాటలకి రెండు నోట్లే. టూ స్టెప్ పాటలో మొదటి దెబ్బకి స, మూడో దెబ్బకి ప. మన తంబూరా పనే, కాకపోతే జనం దానికి డాన్స్ చేస్తారు. వాళ్ళు పాటలు కూడా నంబర్లలోనే రాసుకుంటారు. 1, 4, 5 అంటే స, మ, ప. గాయకుడి గొంతు బాగోలేక శ్రుతి దించినా కాగితం మార్చక్కర్లేదు. నాష్‌విల్ స్టూడియోల్లో 1950ల చివర్లో మొదలైన పద్ధతట ఇది. సరిగమలతో పెరిగిన మనకి పది నిమిషాల్లో ఎక్కేస్తుంది. కష్టమంతా ఆ రెండు నోట్లూ కచ్చితమైన టైములో, కచ్చితమైన శ్రుతిలో పడడంలో ఉంది. చుట్టూ ఖాళీ ఎక్కువ కాబట్టి తప్పు దాచుకోవడానికి చోటుండదు.

చిక్కు నా గిటార్‌తో వచ్చింది. నాది ఐదు తీగల యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే) బాస్, దాని మీద బోలెడు నాబ్‌లు. ఆయన ఫొటో చూసి, "మంచిదే, కానీ ఆ హాల్లో పెద్దవాళ్ళు దీన్ని చూసి విమానం దిగిందనుకుంటారు" అన్నాడు. పీ బాస్, అంటే ప్రెసిషన్ బాస్, దాని మీద ఫ్లాట్‌వౌండ్ (పైన నునుపుగా ఉండే) తీగలు ఉంటే మంచిదన్నాడు. ఆయన కోరిందీ న్యాయమే. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బాస్, 1957లో రెండు ముక్కల పికప్ (తీగల కదలికని పట్టే భాగం) పెట్టాక ఎలా ఉందో దాదాపు అలాగే ఇప్పటికీ ఉంది. నునుపైన తీగలు వేస్తే నోటు 'దుమ్' అని పుట్టి, సాగకుండా ఆగిపోతుంది. ఫిడేలుకీ, స్టీల్ గిటార్‌కీ పైన చోటు మిగులుతుంది. అద్దెకు తెచ్చుకుంటే సరిపోయేది. కానీ ఎప్పటినుంచో పీ బాస్ కొనాలని మనసులో ఉంది, గిగ్ ఒక సాకు దొరికింది.

గురువారం పొద్దున యాడ్ చూశాను. 850 అన్నాడు. ఆ ఏటి అమెరికన్ మోడల్ మంచి కండిషన్‌లో ఉంటే వెయ్యి పైనే పలుకుతుంది. అక్కడే అనుమానం రావాలి. అనుమానం రాకపోగా నేను చేసిన పని వినండి: "శనివారం నాకు ప్రోగ్రాం ఉంది, ఈరోజే కావాలి" అని మెసేజ్ పెట్టాను. అవతలివాడికి నా పీక నేనే అందించాను. ఆ క్షణం నుంచి అతను అసలు బేరం కోసం పాకులాడలేదు. నేను అడక్కుండానే, "మ్యూజీషియన్‌వి కదా, 700 ఇవ్వు" అన్నాడు. నేను పొంగిపోయాను.

సాయంత్రం ఎనిమిదిన్నరకి ఒక షాపింగ్ కాంప్లెక్స్ పార్కింగ్‌లో కలిశాం. చీకటి పడుతోంది. ఇంట్లో యాంప్ ప్యాక్ చేసేశానన్నాడు. కారు డిక్కీలో పెట్టిన గిటార్‌ని ఫోన్ లైట్ వేసుకుని చూశాను. హెడ్ మీద ఫెండర్ అక్షరాలు, వెనక 'యూఎస్12' అని మొదలయ్యే సీరియల్ నంబర్. మెడ మీద ఒంటికన్ను పెట్టి చూస్తే గీత గీసినట్టు ఉంది. నాలుగు తీగలూ మీటాను, ఒకదానికొకటి శ్రుతిలోనే ఉన్నాయి. ట్యూనర్ పెట్టలేదు. పెట్టి ఉంటే తీగలన్నీ అర స్వరం పైనే దించి ఉన్నాయని తెలిసేది. ఎందుకు దించాడో తర్వాత చెప్తాను. డబ్బు జెల్‌లో, అంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే పద్ధతిలో, పంపాను. ఎవరికైనా చెప్తే నవ్వుతారు గానీ, అతను నాకు "బ్రేక్ ఎ లెగ్" (స్టేజీ ఎక్కేవాళ్ళకి చెప్పే శుభాకాంక్ష) అని కూడా చెప్పి వెళ్ళాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచే బయలుదేరాం. న్యూ బ్రాన్‌ఫెల్స్‌కి ఐ-35 హైవే మీద 230 మైళ్ళ పైనే. దారిలో వెస్ట్ అనే ఊళ్ళో ఆగి కొలాచీలు తిన్నాం. అది చెక్ వాళ్ళు స్థిరపడ్డ ఊరు. పండ్ల జామ్ పెట్టిన ఆ మెత్తటి బన్ను వేడిగా తినాలి, ఈ దారిలో వెళ్ళేవాళ్ళు వదలకండి. న్యూ బ్రాన్‌ఫెల్స్‌లోనే ఉన్న గ్రూన్ హాల్ దగ్గర కూడా ఒక పావుగంట దిగాం. పేరు గ్రూన్ అని రాస్తారు గానీ గ్రీన్ అని పలకాలి. 1878లో కట్టారు. రేకుల కప్పు, పక్కలకి తెరుచుకునే కిటికీలు, ఏసీ లేదు. మేం వాయించాల్సింది దానికి కొంత దూరంలో, అదే తీరులో కట్టిన ఇంకో పాత హాలు. అక్కడా ఏసీ లేదు. ఈ సంగతి నా కథలో ముఖ్యం.

రాత్రి మోటెల్‌లో కొత్త ఫ్లాట్‌వౌండ్ తీగలు వేశాను. గట్టి బిగువుండే సెట్ అది. సరైన శ్రుతికి బిగించేసరికి మధ్యలో తీగలు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) నుంచి లేచినట్టు అనిపించింది. కొత్త తీగలకి మెడ కాస్త వంగడం మామూలే. మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, దాని నట్టు పావు చుట్టు తిప్పితే సర్దుకుంటుంది. పొద్దున చూద్దాంలే అని పడుకున్నాను.

పొద్దున అలెన్ కీ పెట్టి నట్టు తిప్పితే అది గిర్రున తిరిగింది. పట్టు లేదు. ఫోన్ లైట్ వేసి చూస్తే నట్టు రంధ్రంలో ఏదో ఎండిపోయిన జిగురు, దాని చుట్టూ పొడిపొడిగా రాలుతోంది. అప్పుడు అర్థమైంది తీగలు ఎందుకు దించి అమ్మాడో. సన్న తీగలు, తక్కువ బిగువు. ఆ స్థితిలో మెడ నిటారుగా నిలబడుతుంది, అంతకు మించి బరువు పెడితే విల్లులా వంగుతుంది. నేను మోటెల్ మంచం మీద కూర్చుని ఆ బరువంతా నా చేత్తోనే పెట్టాను.

సాయంత్రం ఏడింటికి హాల్లో ఇంకా వంద ఫారన్‌హీట్ దగ్గరే ఉంది. ఏసీ గదిలోంచి తెచ్చిన గిటార్ ఆ వేడికి అరగంటలో ఇంకో రకంగా మారిపోయింది. కింది ఫ్రెట్ల దగ్గర స-ప బాగానే ఉన్నాయి. ఏడో ఫ్రెట్ దాటితే నోటు పైకి పోతోంది. తీగ అంత ఎత్తున ఉంటే నొక్కేటప్పుడే సాగి శ్రుతి హెచ్చుతుంది, ట్యూనర్ ఏం చేస్తుంది? మొదట పట్టుకుంది స్టీల్ గిటార్ ఆయన. ఆయన వాయిద్యానికి ఫ్రెట్లు లేవు, జీవితమంతా శ్రుతి చెవితోనే వెతుక్కునే మనిషి. ఒక వాల్ట్జ్ మధ్యలో తల ఎత్తి నా ఎడమ చేతి వైపు చూశాడు. ఏమీ అనలేదు. అరవై దాటిన దంపతులు గుండ్రంగా తిరుగుతూ స్టేజీ ముందుకొచ్చారు, సరిగ్గా అప్పుడే నా గిటార్ జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర చిటపటమని చప్పుడు. ఆ రెండు నిమిషాలు నేను కింది ఫ్రెట్లు దాటి పైకి వెళ్ళలేదు. చెమట కంట్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

బ్రేక్‌లో, మాకన్నా ముందు వాయించిన బ్యాండ్ అమ్మాయి వచ్చి తన బాస్ నా చేతిలో పెట్టింది. మహా అయితే ఇరవై ఏళ్ళుంటాయి. "రేపటి ప్రోగ్రాంకి కూడా ఉంచుకోండి, మా ఇల్లు ఇక్కడే" అంది. హెడ్ మీద స్క్వయర్ అని ఉంది, ఫెండర్ వాళ్ళ చవక బ్రాండ్. పాత తీగలు, దెబ్బలు తిన్న పెయింట్. రెండో సెట్ మొదటి పాటకే 'దుమ్' అని పలికింది. బ్యాండ్ పెద్దాయన వెనక్కి తిరిగి కన్ను కొట్టాడు. మిగతా రాత్రి, ఆదివారం మధ్యాహ్నం చెట్ల కింద ప్రోగ్రాం, రెండూ ఆ అమ్మాయి పుణ్యాన హాయిగా గడిచిపోయాయి.

సోమవారం గిటార్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు గోరుతో హెడ్ మీద పేరు అంచుని గీరాడు. గోరు తట్టుకుంది. స్టిక్కర్‌ని ఎవరో ఈమధ్యే అంటించి పైన పల్చగా వార్నిష్ కొట్టారట. తర్వాత నాలుగు స్క్రూలు విప్పి మెడ ఊడదీశాడు. మెడ కింది చివర, ఏదో ముద్ర ఉండేచోట శాండ్‌పేపర్‌తో గీకిన గీతలు. పిక్‌గార్డ్ (గిటార్ ముందు పలక) కింద వాల్యూమ్, టోన్ పాట్‌లు (నాబ్‌ల కింద తిరిగే భాగాలు) చిన్నవి. అమెరికన్ పీ బాస్‌లో వాడే పాట్ పెద్దది, 24 మిల్లీమీటర్ల వెడల్పు, దాని వీపు మీద సాధారణంగా 137తో మొదలయ్యే అంకెలుంటాయి. 137 అంటే తయారుచేసిన కంపెనీ కోడ్, ఆ తర్వాతి అంకెల్లో ఏడాది, వారం తెలుస్తాయి. వీటి మీద ఏ అంకే లేదు. "ఇది మంచి స్క్వయరే, పాపం. మెడ చెడిపోయింది, అంతే. అసలు పేరుతో అమ్మి ఉంటే నువ్వు వంద డాలర్లకి కొని, మెడ మార్చుకుని హాయిగా వాయించుకునేవాడివి" అన్నాడాయన. నా కోపం కూడా అదే. చవక గిటార్ మీద నాకు చిన్నచూపు లేదు, ఆ హాల్లో నన్ను కాపాడింది స్క్వయరే.

డబ్బు సంగతి. బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరే మీ చేత్తో పంపారు కదా అన్నారు. జెల్‌లో కొన్న వస్తువుకి రక్షణ ఉండదు, అది తెలిసినవాళ్ళ మధ్య డబ్బు పంపుకోవడానికి. పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ' కింద పంపినా అంతే. ఫీజు కలిసొస్తుందని అమ్మేవాడు అలా పంపమంటే, ఆ ఫీజు నేనే భరిస్తానని చెప్పి 'గూడ్స్ అండ్ సర్వీసెస్' కిందే పంపండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. నేను అతని ప్రొఫైల్ రిపోర్ట్ చేసేసరికే అది లేదు. పోలీసు రిపోర్ట్ ఇచ్చాను, డబ్బు వస్తుందన్న ఆశ లేదు. చాట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకుని ఉంటే రిపోర్ట్ ఇంకాస్త గట్టిగా ఉండేది.

మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, "ఏరా, బెండకాయలు కొన్నా తోక తుంచి చూస్తాం కదరా" అంది. బాస్‌కి తోక ఎక్కడంటే, నా లెక్కలో మూడు చోట్ల. పగటి వెలుగులో, ఫోన్‌లోనైనా ట్యూనర్ పెట్టి, నాలుగు తీగల్నీ ఈ-ఏ-డీ-జీ శ్రుతికి తెచ్చాకే మెడ చూడండి. మెడ నట్టు అమ్మేవాడి ముందే కొద్దిగా తిప్పి, పట్టు ఉందో లేదో చూడండి. కుదిరితే మ్యూజిక్ షాపులో కలుద్దామనండి, యాంపూ దొరుకుతుంది, స్క్రూడ్రైవరూ దొరుకుతుంది. మెడ విప్పి చూపించమంటే నిజాయితీగా అమ్మేవాళ్ళు కాస్త విసుక్కున్నా చూపిస్తారు. సీరియల్ నంబర్‌ని మాత్రం నమ్ముకోకండి, పేరుని అంటించినవాడికి నంబర్ అంటించడం ఎంత పని? ఇక గిగ్ ఉందన్న మాట పొరపాటున కూడా ఎత్తకండి. అడిగితే, మా అబ్బాయి నేర్చుకోవడానికి అని చెప్పండి. ఈ ఒక్క అబద్ధానికి మా పాస్టరుగారు కూడా ఏమీ అనరనుకుంటున్నాను.

ఇది రాయడానికి కూర్చున్నది నిన్న రాత్రి ఇంకో యాడ్ చూశాక. ఈసారి జాజ్ బాస్ (ఫెండర్ వాళ్ళదే ఇంకో మోడల్), సన్‌బర్స్ట్ రంగు, 800 డాలర్లు, వేరే పేరుతో ప్రొఫైల్, డాలస్ పక్కనున్న ఇర్వింగ్ దగ్గరే. ఊరు మారుతున్నాడట. దుప్పటి మాత్రం అదే, నీలం గళ్ళది, ఎడమ మూల కాలిన మచ్చతో సహా.