సొంత బుల్లెట్లు: కోర్ సీటింగ్ డై మీద ప్రేమ, జాకెట్ల మీద కోపం

నా గ్యారేజీలో ఉన్న సామానంతటిలో ఒక్కటే ఉంచుకోమంటే కోర్ సీటింగ్ డైని, అంటే బుల్లెట్ రాగి తొడుగులో సీసాన్ని నొక్కి కూర్చోబెట్టే అచ్చును, ఉంచుకుంటాను. రైఫిల్ కూడా దాని తర్వాతే. 6 ఎంఎం పీపీసీ అనే రకం తూటా కోసం 68 గ్రెయిన్ల (సుమారు 4.4 గ్రాముల) బుల్లెట్లు ఏళ్లుగా దీనితోనే చేసుకుంటున్నాను. నేను ఆడేది బెంచ్‌రెస్ట్, అంటే రైఫిల్‌ను బల్ల మీద ఆనించి షాట్లన్నీ వీలైనంత దగ్గరగా పడేలా కాల్చే పోటీ. దాని నియమాలు, డైలు బిగించే ప్రెస్ ఏది కొనాలి లాంటివి ఈ ఆటలో ఉన్నవాళ్లకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఈ ఒక్క డై గురించి, అది బయటపెట్టిన ఒక గొడవ గురించి మాత్రం వివరంగా రాయాలి.

కొన్నప్పుడు బుల్లెట్ పైతొడుగైన రాగి జాకెట్ పూర్తయిన బుల్లెట్ కంటే కాస్త సన్నగా ఉంటుంది. అందులో కోర్, అంటే సీసం ముక్క, వేసి పంచ్ అనే ఉక్కు కడ్డీతో నొక్కితే సీసం పక్కలకు పొంగి, జాకెట్‌ను డై గోడకు ఆనేదాకా తోస్తుంది. ఆ తర్వాత ముక్కు తీర్చే పాయింటింగ్ డైలో కూడా వెంట్రుకవాసి పెరగాలే గానీ తగ్గకూడదు. రాగిని నొక్కి వదిలితే కొంచెం వెనక్కి వస్తుంది, సీసం రాదు. లావుగా ఉన్నదాన్ని సన్నబరిచారంటే జాకెట్ వెనక్కి జరిగి లోపల కోర్ వదులవుతుంది. వదులైన కోర్ ఉన్న బుల్లెట్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే మొత్తం పనికి ఆయువుపట్టు ఈ సీటింగ్ దగ్గరే ఉంది.

దీని గొప్పతనమంతా చేతికి తెలియడంలో ఉంది. ప్రెస్ లివర్ దించుతుంటే ముందు ఏమీ తగలదు. తర్వాత మెత్తని అడ్డు వస్తుంది. చివర్లో గట్టిగా ఆనుతుంది. ఆ ఆనడం ప్రతి జాకెట్‌కూ ఒకే చోట, ఒకే బరువుతో వస్తుంటే బుల్లెట్లు ఒకే తీరున తయారవుతున్నాయని నమ్మవచ్చు. సరిగ్గా నిండిన జాకెట్ డైలోనే పట్టుకుని ఉండిపోతుంది, తోసి తీయాల్సి వస్తుంది. నొక్కుడు చాలకపోతే పంచ్‌తో పాటే బయటికొచ్చేస్తుంది. నా దగ్గర ఖరీదైన మైక్రోమీటర్ ఉంది, డయల్ ఇండికేటర్ ఉంది. కానీ తేడా వస్తే వాటన్నిటికంటే ముందు నా కుడిచేతికే తెలుస్తుంది. చాలా గట్టి లోహమైన కార్బైడ్‌తో చేసింది కాబట్టి ఇన్నేళ్లయినా అరుగుదల నాకు కనిపించలేదు. మొదటి రోజు ఎలా ఆనిందో ఇప్పుడూ అలాగే ఆనుతోంది.

మిగతా రెండు డైలు కూడా బాగానే పనిచేస్తున్నాయి. కోర్ల బరువు సరిచేసే డైలో అదనపు సీసం సన్నని రంధ్రాల్లోంచి జంతికల గొట్టంలో పిండిలా బయటికొస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కోర్ల మధ్య తేడా గ్రెయిన్‌లో పదో వంతుకు మించదు. పాయింటింగ్ డైలో మాత్రం బుల్లెట్‌ను బయటికి తోసే ఎజెక్షన్ పిన్ చాలా సన్నం. లూబ్రికెంట్ తక్కువైతే బుల్లెట్ లోపల బిగుసుకుని పిన్ వంగుతుంది. ఒక పిన్ అదనంగా దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇక గొడవ సంగతి. ఒక శరదృతువు చివర్లో జాకెట్లు అయిపోవచ్చాయి. ఎప్పుడూ కొనే రకమే, 0.825 అంగుళాల పొడవువే, పెద్ద పెట్టె తెప్పించాను. లాట్, అంటే తయారైన విడత, మాత్రం కొత్తది. ఒహాయోలో చలికాలం మ్యాచ్‌లుండవు కాబట్టి, వసంతంలో మొదటి మ్యాచ్‌కి కావలసినవి ఆ నెలల్లోనే చేసి పెట్టుకుంటాను. కోర్లు పాత సీసం తీగతో చేసినవే. డై సెట్టింగ్ ముట్టుకోలేదు. కూర్చుని మొదలుపెట్టిన కాసేపటికే చేతికి ఏదో తేడా తగిలింది. ఒకటి ముందే ఆనేది, తర్వాతది మెత్తగా జారేది. కొన్నింట్లో పంచ్ చుట్టూ సీసం పైకి పాకింది. కొన్ని పంచ్‌ను పట్టుకుని బయటికొచ్చాయి.

మొదట చలిని అనుమానించాను. జాకెట్లకు రాసే లానోలిన్ గొర్రె ఉన్నిలోంచి తీసే కొవ్వు, చల్లబడితే చిక్కబడుతుంది. గ్యారేజీలో హీటర్ పెట్టి, డైలు వెచ్చబడే దాకా ఆగి మళ్లీ చేశాను. అదే తీరు. పాత లాట్‌లో మిగిలిన గుప్పెడు జాకెట్లు వేసి చూశాను. ఎప్పటిలాగే ఒకే చోట ఆనాయి. దాంతో డై మీద, నా చేతి మీద అనుమానం పోయింది.

తర్వాత ఒక్కో జాకెట్‌నూ తిప్పుతూ గోడ మందం కొలిచాను. మంచి జాకెట్‌లో ఒక వైపుకీ ఇంకో వైపుకీ తేడా అంగుళంలో పదివేలవ వంతులు మూడు దాటకూడదని నేను పెట్టుకున్న హద్దు. ఈ పెట్టెలో కొన్ని హద్దులోనే ఉన్నాయి. కొన్ని ఐదు, ఆరు చూపించాయి. కంటికి రెండూ ఒకటే. గోడ మందంగా ఉన్నచోట పంచ్ బిగుతుగా పోతుంది, పల్చగా ఉన్నచోట సందు మిగిలి సీసం పాకుతుంది. చేతికి తెలిసిన తేడా ఇదే.

ఇంత చిన్న తేడాకి ఎందుకంత టెన్షన్ అని ఇంట్లోవాళ్లు అడిగారు. బుల్లెట్ సెకనుకు 3,400 అడుగుల వేగంతో, 14 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్‌లోంచి బయటికొస్తే నిమిషానికి సుమారు 1,75,000 చుట్లు తిరుగుతుంది. సీసం రాగి కంటే బరువు. ఒక వైపు రాగి మందమైతే ఆ వైపు బరువు తగ్గి, భారకేంద్రం నడిమధ్య నుంచి జరుగుతుంది. ఆ వేగంతో తిరిగేదానికి ఆ మాత్రం జరిగినా చాలు, బ్యారెల్ దాటగానే పక్కకి తోసుకుపోతుంది.

మంచివి ఒక కుప్ప, అనుమానం ఉన్నవి ఒక కుప్పగా ఏరి, రెండిట్లోంచీ బుల్లెట్లు చేశాను. గాలి కదలని ఒక పొద్దున రేంజ్‌కి వెళ్లి, అదే బ్యారెల్, అదే ఎన్133 తుపాకీ మందుతో మార్చి మార్చి ఐదేసి షాట్ల గ్రూపులు కాల్చాను. మంచి కుప్ప ఎప్పటిలాగే ఒకే చిరుగులో పడింది. రెండో కుప్పలో నాలుగు కలిసి పడ్డాక ఐదోది, గాలి చూపే ఫ్లాగులు నిలువునా వేలాడుతుండగానే, పక్కకి పోయేది. ప్రతి గ్రూపులో కాదు. అన్నిట్లో పోయినా బాగుండేది, ముందే తెలిసేది. మా పోటీలో గెలుపు ఒక్క మంచి గ్రూపుతో రాదు. ఐదేసి షాట్ల ఐదు గ్రూపుల సగటు లెక్క. ఎప్పుడు పోతుందో తెలియని ఒక్క షాట్ ఆ సగటును తినేస్తుంది. మ్యాక్ మెక్‌మిలన్ అనే షూటర్ 1973లో 100 గజాల దగ్గర కాల్చిన 0.009 అంగుళాల గ్రూపు (షాట్లు ఒకదానికొకటి అంత దగ్గరగా పడ్డాయన్నమాట) నలభై ఏళ్లు రికార్డుగా నిలిచింది. 2013లో మైక్ స్టినెట్ 0.0077తో దాన్ని దాటాడు. ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే జాకెట్‌లో పదివేలవ వంతుల లెక్క చాదస్తం అనిపించదు.

కొలతలన్నీ రాసి అమ్మినవాళ్లకు పంపాను. స్పెసిఫికేషన్ లోపలే ఉన్నాయని, తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోమని జవాబొచ్చింది. ఆ స్పెసిఫికేషన్ ఎంతో అడిగితే చెప్పలేదు. నా కోపం అక్కడే. తప్పు లాట్ ఎవరికైనా వస్తుంది, ఒప్పుకుంటాను. కొలతల సంగతి అడిగిన మనిషికి కొలత చెప్పకపోవడం నాకు మింగుడుపడలేదు.

ఈ జాకెట్ల బాధ పాతదే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బుల్లెట్లు దొరక్కపోతే బుల్లెట్ల తయారీదారులు వెర్నన్ స్పియర్, జాయిస్ హోర్నడీ కలిసి, కాల్చి పారేసిన .22 రిమ్‌ఫైర్ కేసుల్ని (చిన్న తూటాల ఖాళీ తొడుగుల్ని) జాకెట్లుగా మార్చే యంత్రం తయారుచేశారు. సీసం తీగ ఎప్పుడైనా దొరుకుతుంది, డైలు ఒకసారి కొంటే చాలు. జాకెట్‌కి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఇంకొకరి మీద ఆధారపడాల్సిందే.

డైలు కొన్న కొత్తలో, సొంతంగా చేసుకుంటే ఖర్చు కలిసొస్తుందని క్లబ్‌లో చాలామందికి చెప్పాను. ఆ మాట ఇప్పుడు ఒక షరతుతో చెబుతాను: చాలా కాల్చేవాళ్లకు, చాలా ఏళ్లు కాల్చేవాళ్లకు. డైల సెట్‌కి నేను పెట్టింది, బిగించిన కొత్త బ్యారెల్ ధరకి కొన్ని రెట్లు. ఏరి పక్కన పెట్టిన జాకెట్ల ఖర్చు కూడా కలిపితే, ఒక్కో బుల్లెట్ మీద మిగిలేది అప్పట్లో అనుకున్నంత లేదు. కొన్న బుల్లెట్లకంటే నావి బాగా పడతాయని కూడా అనేవాణ్ని. ఫ్యాక్టరీవాటితో పోలిస్తే నిజమే. చిన్న షాపుల్లో చేతితో చేసి అమ్మే కస్టమ్ బుల్లెట్లతో పోలిస్తే నా గ్రూపులు మెరుగ్గా లేవు, సమానంగా ఉన్నాయి. నాకు దక్కిన లాభం, బుల్లెట్‌లో తేడా వస్తే ఎక్కడ వచ్చిందో తెలుసుకోగలగడం.

కొనాలా అంటే నా పరిస్థితి చూసి మీరే లెక్కవేసుకోండి. నాకు విడిగా గ్యారేజీ ఉంది, పిల్లలు పెద్దవాళ్లయి కాలేజీలకు వెళ్లిపోయారు, చలికాలం సాయంత్రాలు ఖాళీ. చిన్నపిల్లలున్న ఇంట్లో సీసం పని నేను పెట్టను. నేనైతే గ్లవ్స్ లేకుండా ముట్టుకోను, ఆ బట్టలతో వంటింట్లోకి వెళ్లను, ఏటా రక్తపరీక్షలో సీసం స్థాయి చూపించుకుంటాను. మన తెలుగువాళ్లలో హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, బుల్లెట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నేను గ్రీన్ కార్డ్ వచ్చాకే ఈ ఆటలోకి దిగాను. చేసినవి అమ్ముకోవాలంటే దానికి లైసెన్స్ వేరే ఉంది.

అంతా కుదిరి, ఏడాదంతా మ్యాచ్‌లు తిరిగేవాళ్లయితే, కోర్ సీటింగ్ డై కార్బైడ్‌దే కొనండి, అందులో బేరం చూడొద్దు. డైలకు ఆర్డర్ ఇస్తే నెలలు పడుతుంది. ఆ లోగా జాకెట్లు రెండు మూడు లాట్ల నుంచి కొద్దికొద్దిగా తెప్పించి గోడ మందం కొలిచి చూడండి. నచ్చిన లాట్ దొరికితే రెండు సీజన్లకు సరిపడా ఒకేసారి తీసుకోండి.